చపాటా × తేజ: మిద్దె మీద మిర్చి క్రాసింగ్ డైరీ

ఏం కావాలె నాకు

మా ఇంట్ల పండుమిర్చి తొక్కు పెట్టాలంటే రెండు రకాల కాయ కావాలె. రంగుకు చపాటా, కారానికి తేజ. చపాటా ఒక్కటే ఏస్తే తొక్కు ఎర్రగ నిగనిగలాడుతది గని అన్నంల కలుపుకున్నంక కారమే తెల్వది, తేజ ఒక్కటే ఏస్తే నోట్ల పెట్టలేం. అత్తమ్మ ప్రతి ఏడు రెండిటినీ కలిపి దంచుతది, ఏది ఎంత అన్నది ఆమె చేతికే తెలుసు. నా ప్రాజెక్టు ఏందంటే ఈ రెండు పనులూ ఒకటే కాయ చేయాలె. అందుకే ఈ రెండిటినీ క్రాస్ చేస్తున్న, అంటే ఒకదాని పుప్పొడి ఇంకోదాని పువ్వుకు పెట్టి కొత్త రకం తీసుడు. చపాటా రంగు ఉండాలె, చపాటా లెక్క మందం కండ ఉండాలె, కారం తేజల సగం ఉంటే చాలు, చెట్టు మాత్రం ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాల సరిపోవాలె. ఎందుకంటే మాకు చేను లేదు, హన్మకొండల మిద్దె ఉన్నది అంతే.

చపాటా తెల్వనోళ్లకు రెండు ముక్కలు. ఇది మన వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి దిక్కు రైతులు తరాల నుంచి సొంత విత్తనం దాచుకుంట పండిస్తున్న మిరప. కాయ పొట్టిగ లావుగ ఉంటది, పండితే దూరంకెళ్లి చూస్తే టమాట అనుకుంటరు, అందుకే టమాట మిర్చి అని కూడ అంటరు. కారం చానా తక్కువ, రంగు చానా ఎక్కువ, ఆ రంగు కోసమే పచ్చళ్లోళ్లు, రంగు తీసే కంపెనీలోళ్లు కొంటరు. తేజ దీనికి పూర్తిగ ఉల్టా, సన్నగ చిన్నగ ఉండి నషాళానికంటే కారం, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల సీజన్‌ల పోతే లారీలకు లారీలు కనవడేది ఎక్కువ అదే.

నేను ఒక్కదాన్నే కాదు ఇండ్ల. కాజీపేటల రైల్వేల పనిచేసే అన్న ఒకాయన, పరకాలల టీచరక్క ఒకామె, ఇద్దరూ మిద్దె తోట పిచ్చోళ్లే, ముగ్గురం కలిసే చేస్తున్నం. ఒక్క మిద్దె మీద ఎందుకు కాదో ముందటికి పోతే మీకే అర్థమైతది.

2023 వానకాలం: అమ్మ చెట్లు, నాయిన చెట్లు

చపాటా గింజలు నర్సంపేట దిక్కు మా బావ వాళ్ల చేన్లకెళ్లి తెచ్చిన. ఇంటి విత్తనం, వాళ్లు ప్రతి ఏడు మంచి చెట్లు చూసి కాయ పక్కకు పెట్టుకుంటరు. తేజ కూడ అక్కడి రైతు దగ్గరనే, కంపెనీ ప్యాకెట్ వద్దనుకున్న, ఎందుకంటే ప్యాకెట్‌ల వచ్చేది చానా వరకు హైబ్రిడ్, హైబ్రిడ్‌ను నాయినగ పెడితే మొదటి తరంలనే పిల్లలు తలో తీరు వస్తయి, అప్పుడు మన క్రాస్ ఎక్కిందా లేదా అన్నది పోల్చుకునుడు కష్టం.

ప్రోట్రేల, అంటే నారు పోసే గుంతల ట్రేలల్ల, కోకోపీట్ నింపి జూలైల గింజలు పెట్టినం. ఆ నెల చివర్ల 27 తారీఖు వానలు గుర్తున్నయి కద, మోరంచపల్లి మునిగింది, హన్మకొండ కాలనీలల్ల నీళ్లు సొచ్చినయి, ఆ రోజుల్ల ట్రేలన్నీ మెట్ల కిందికి తెచ్చి పెట్టుకున్నం. వెలుతురు తక్కువై నారు జర పొడుగ్గ సాగింది గని బతికింది. ఐదారు ఆకులొచ్చినంక డబ్బాలల్ల నాటినం. మట్టి మిక్స్ ఏం పెద్ద గొప్పది కాదు, ఎర్రమట్టి, బాగ మాగిన మేక ఎరువు, కొంచెం కోకోపీట్, గుప్పెడు వేపపిండి. డబ్బా అడుగున బొక్కలు ఎక్కువ కొట్టాలె, ఇది మాత్రం మళ్ల మళ్ల చెప్త, మిరపకు ఎండ కంటే నిలిచిన నీళ్లే పెద్ద శత్రువు.

అమ్మ ఎవరు నాయిన ఎవరు అన్నది ఊకనే అనుకునేది కాదు. మేం చపాటాను అమ్మ చేసినం. కారణం ఏందంటే క్రాస్ ఎక్కకుండ ఆ పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టింది అనుకో, ఆ గింజ మొలిస్తే అచ్చం చపాటా కాయలే కాస్తది, లావుగ గుండ్రంగ. క్రాస్ ఎక్కితే తేజ సన్నతనం కొట్టొచ్చినట్టు కనవడతది. ల్యాబు లేనోళ్లకు ఇదే పరీక్ష.

2023 అక్టోబర్, నవంబర్: క్రాసింగ్

దసరా దాటినంక ఎండ తగ్గుతది, పొద్దుగాల చల్లగ ఉంటది, మిరప పూతకు ఇదే మంచి టైము. ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి బలం తగ్గుతది, పువ్వు రాలిపోతది, అందుకే ఎండకాలంల క్రాసింగ్ జోలికి పోవద్దు.

ఇక్కడ మా చిన్నమ్మ సంగతి చెప్పాలె. ఆమెది హుజూరాబాద్ దిక్కు, ఆ దిక్కంతా సీడ్ వరి, అంటే హైబ్రిడ్ వడ్ల విత్తనం చేస్తరు. ఆడ వరి సాళ్లు, మగ వరి సాళ్లు పక్కపక్కన ఏసి, పూత మీద పగటీలి తాడు పట్టి అటొకరు ఇటొకరు గుంజుకుంట పోతే మగ వరి పుప్పొడి లేచి ఆడ వరి మీద పడతది. ఆమె ఏండ్ల తరబడి ఆ పని చేసింది. మిద్దె మీదికొచ్చి నా పని చూసి మొదలు అడిగింది, "మరి దీంట్ల ఆడ చెట్టేది బిడ్డా?" అని. మిరపల అదే తేడా. సీడ్ వరిల ఆడ రకానికి సొంత పుప్పొడి పనిచేయదు, అట్లనే తయారుచేసిన రకం అది. మిరప పువ్వుల ఆడ మగ రెండూ ఒక్కకాడనే ఉంటయి, కాబట్టి మనమే మొగ్గ దశల మగ భాగం తీసేయాలె.

పని ఇట్ల ఉంటది. రేపు పొద్దుగాల విచ్చుకునేటట్టున్న మొగ్గను ఇయ్యాల మాపటికే పట్టుకోవాలె. తెల్లగ ఉబ్బి ఉంటది, రెక్కలు ఇంక మూసే ఉంటయి. చిన్నగ ఆకుపచ్చగ ఉన్నది పనికిరాదు, విచ్చినది అసలుకే పనికిరాదు. సన్న మొన ఉన్న చిమ్టాతోని రెక్కలు ఒక్కొక్కటే లాగేస్తే లోపట ఐదారు పుప్పొడి తిత్తులు కనవడతయి, నీలం ఊదా కలిసిన రంగుల, మధ్యల ఆకుపచ్చ కీలం, అంటే ఆడ భాగం. ఆ తిత్తులు పగలకముందే ఒక్కటి మిగలకుండ తీసేయాలె, కీలానికి మాత్రం గీత కూడ పడొద్దు. తీసినంక బూతద్దం పెట్టి చూడాలె, కీలం కొన మీద తెల్లపొడి అంటి ఉంటే ఆ మొగ్గను తుంచేయుడే. తర్వాత తేజ చెట్టుకెళ్లి అప్పుడే పగిలిన తిత్తి ఉన్న పువ్వు తెచ్చి, ఆ తిత్తితోనే కీలం కొనను రెండు మూడు సార్లు తాకిస్తే చాలు. నగలు పెట్టి ఇచ్చే సన్న జాలి సంచులుంటయి చూడుండ్రి, అవి తొడిగి, కాడకు ఎర్ర దారం కట్టి, ట్యాగు మీద తారీఖు, "చ×తే" అని రాసి వదిలేయాలె. ట్యాగు మీద పెన్సిల్‌తోనే రాయుండ్రి, పెన్ను రాత ఒక్క మంచుకే పోతది.

చిన్నమ్మ నాకంటే ఫాస్టు. కండ్లజోడు పెట్టుకొని కుర్చీల కూసోని ఒక్కో మొగ్గ సాఫ్ చేస్తుంటే చూసుడే మజా. ఆమె చేతుల పడ్డ పువ్వులే ఎక్కువ నిలిచినయి. నాలుగైదు రోజులకు తెలిసిపోతది, కాడ పచ్చగ గట్టిగ ఉంటే పిందె కట్టినట్టు, కాడ పసుపైతే ముట్టుకోంగనే ఊడొస్తది. సగానికి పైన ఊడినయి, అది మామూలే, అందుకే ఒక చెట్టు మీద వేరే కాయ లేకుండ తుంచేసి క్రాసింగ్ కాయలకే బలం పోయేటట్టు చేసినం.

2024 మేడారం జాతర వారం: గింజ

కాయ పండేదాకా చెట్టు మీదనే ఉంచాలె, పూర్తిగ ఎర్రవడి జర మెత్తవడ్డంక తెంపితే గింజ బాగ మొలుస్తది. ఫిబ్రవరిల, ఊరు ఊరంత మేడారం పోతున్న వారంల, మేం గింజ తీసి నీడకు ఆరవెట్టినం. ఎండల పెట్టొద్దు. బాగ ఆరినంక కాగితం కవర్ల ఏసి, ఆ కవరు గాజు సీసల పెట్టి, అడుగున సిలికా పొట్లం ఏసి ఫ్రిజ్‌ల కింద అరల పెట్టిన. జాతర నుంచి వచ్చినోళ్లు ఇచ్చిన బెల్లం, అదే బంగారం, దాని డబ్బా పక్కన ఈ సీస, రెండూ ఎవ్వరూ ముట్టొద్దని ఇంట్ల చెప్పిన.

2024 వానకాలం నుంచి: ఎఫ్1

మొదటి తరం గింజలు, అంటే ఎఫ్1, ముగ్గురం పంచుకున్నం. ఆగస్టు చివర్ల, సెప్టెంబర్ ఒకటిన మళ్ల పెద్ద వాన, కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకపోయి రైళ్లు బందైనయి. కాజీపేట అన్న ఇంటికి రాక డ్యూటీల మీదనే ఉన్నడు, వాళ్లింట్లోళ్లే డబ్బాలు పక్కకు వంచి నీళ్లు పోయేటట్టు చేసిండ్రు. ఆయన చెట్లే మా అందరికంటే బాగొచ్చినయి ఆ ఏడు.

ఎఫ్1 చెట్లన్నీ ఒక్క తీరుగనే వచ్చినయి. ఒక్క చెట్టుకు మాత్రం గుండ్రని చపాటా కాయ, అది సెల్ఫ్, అంటే తన పుప్పొడితోనే కట్టిన గింజది, అని పీకేసినం. మిగిలినవాటి కాయ చూస్తే భుజాలకాడ జర వెడల్పు, కిందికి పోంగ పోంగ సన్నగ మొన తేలింది. చపాటాకు తేజకు నడుమ ఉంటది అనుకుంటరు అందరు, గని మిరపల చిన్న కాయ దిక్కే మొగ్గు ఎక్కువ, లావు కాయ సన్న కాయ కలిపితే మొదటి తరం సన్న కాయకు దగ్గరగనే వస్తది. కారం కూడ అంతే. అత్తమ్మ ఒక కాయ కొరికి నీళ్లు తాగి, "గిది తేజనే కద బిడ్డా, ఇండ్ల చపాటా ఏడున్నది?" అన్నది.

చపాటా లోపట దాగి ఉన్నది. మిరపల 12 జతల క్రోమోజోములు, ఎఫ్1ల ప్రతి జతల ఒకటి అమ్మది ఒకటి నాయినది. ఈ చెట్టు తన పువ్వుతో తనే కాయ కట్టినప్పుడు ఆ జతలు విడివడి కొత్తగ కలుస్తయి, అప్పుడే అసలు ఆట. అందుకే ఎఫ్1 చూసి మనసు విరుచుకొని పీకేసుకోకుండ్రి. ఇండ్ల ఎంచుకునేది ఏం లేదు, చేయాల్సింది ఒక్కటే, కొమ్మలకు పెద్ద జాలి సంచి తొడిగి, తేనెటీగలు రాకుండ, పొద్దుగాల కొమ్మను మెల్లగ తట్టి సెల్ఫ్ కాయ కట్టించుకోవాలె. మిరప తనంతట తను కాయ కడతది గని బయట వదిలేస్తే తేనెటీగలు వేరే పుప్పొడి కూడ మస్తు తెస్తయి, పక్క మిద్దె మీద ఎవలన్న బజ్జి మిర్చి పెట్టిండ్రా లేదా మనకేం తెలుసు.

2025: చపాటాకు జీఐ, మాకు ఎఫ్2

ఈ ఏడు మన చపాటాకు జీఐ ట్యాగు, అంటే ఇది ఫలానా ప్రాంతం పంట అన్న గుర్తింపు, వచ్చింది. ఆ వార్త చదివి ముగ్గురం ఫోన్ల మీద ఎంత మాట్లాడుకున్నమో. రైతులు గింజ పోనియ్యకుండ పట్టుకున్నందుకు వచ్చిన గుర్తింపు అది, మల్యాల పరిశోధన కేంద్రమోళ్లు కూడ దాని వెనుక పనిచేసిండ్రు. అదే రోజు మేం ఒక మాట అనుకున్నం, మా చెట్టుకు ఏం పేరన్న పెడదాం గని దాంట్ల చపాటా అన్న మాట ఉండొద్దు. చపాటా అంటే ఆ నేలల, ఆ రైతుల దగ్గర, ఆ గింజకెళ్లి వచ్చిన కాయ. తేజ నెత్తురు కలిసినది చపాటా కాదు, ఆ పేరు పెట్టి ఎవలకన్న ఒక్క గింజ ఇచ్చినా రైతు నోటికాడ ముద్ద గుంజుకున్నట్టే. ఇంకోటి, మా ఎఫ్2 మొక్క, అంటే ఎఫ్1 సెల్ఫ్ గింజకెళ్లి వచ్చిన రెండో తరం మొక్క, ఒక్కటి కూడ నర్సంపేట బావ వాళ్ల దిక్కు పోదు. మూల విత్తనం చేసే చేనుకు వేరే మిరప 400 మీటర్ల దూరం ఉండాలని విత్తన ధ్రువీకరణ లెక్క, ఎందుకంటే తేనెటీగకు గట్లు తెల్వయి. బావ అడిగిండు, "ఏందే మరదలా, మా గింజ తీసుకపోయి మాకే ఇయ్యవా" అని. కారణం చెప్తే ఆయనే అన్నడు, వద్దు వద్దు, బెరుకులు, అంటే కలిసిన వేరే రకం మొక్కలు, ఏరలేక సస్తం అని.

ఇగ ఎఫ్2. ఇక్కడ లెక్క చూడుండ్రి. మనకు కావాల్సిన గుణం ఒక్క రిసెసివ్ జన్యువు, అంటే అమ్మ నాయిన ఇద్దరి దిక్కుకెళ్లి వస్తేనే బయటపడే జన్యువు, మీద ఉంటే నాలుగు చెట్లల్ల ఒకటి దొరుకుతది. రెండు గుణాలు కలిసి కావాలంటే 16ల ఒకటి. మూడు కావాలంటే 64ల ఒకటి. కాయ లావు, కారం, రంగు, చెట్టు ఎత్తు, ఇవన్నీ ఒక్కొక్క జన్యువుతోని పోయేవి కూడ కాదు. కారం ఉన్నదా లేదా అన్నది పన్1 అనే జన్యువు చూసుకుంటది, గని ఎంత కారం అన్నది చానా జన్యువులు కలిసి తేలుస్తయి. మరి ఒక్క మిద్దె మీద ఎన్ని డబ్బాలు పడతయి? అందుకే ముగ్గురం. హన్మకొండవి "హ", కాజీపేటవి "కా", పరకాలవి "ప" అని నంబర్లేసుకున్నం, ముగ్గురిది ఒకటే మట్టి మిక్స్, ఒకటే సైజు డబ్బా. ఇది పాటించకపోతే ఏ చెట్టు గుణం ఏదో, ఏ మట్టి గుణం ఏదో తేలదు.

సెప్టెంబర్ దాటంగనే ఒక్కో డబ్బా ఒక్కో మనిషి లెక్క కనవడుడు షురువైంది. హ-4 నడుము దాక లేసి కాయ లేదు. హ-9 గుబురుగ మోకాలెత్తు, నిండ పూత. కా-12 ఆకు చపాటా ఆకు లెక్క వెడల్పు, కాయ తేజ సన్నం. ప-7 కాయ చూస్తే అచ్చం చపాటా, పరకాల అక్క ఫోటో పెట్టంగనే చూసినోళ్లందరు అదే అదే అన్నరు. హ-22 కాయ వంకర టింకర, భుజాలు ముడతలు, మధ్యల నొక్కుకపోయి, చూస్తే ఎవ్వరూ కొనరు. రోజూ పొద్దుగాల చాయ్ గ్లాసు పట్టుకొని డబ్బా డబ్బా తిరుగుడు, ఫోటో తీసుడు, రాసుడు. మా ఆయన ఆఫీసుకు పోయే టైముకు కూడ నేను మిద్దె దిగకపోతే కిందికెళ్లి అరుస్తుండె.

అక్టోబర్ల నల్ల తామర పురుగు దిగింది. 2021ల మన దగ్గర మిర్చి చేన్లను ఊడ్చిపెట్టిన పురుగే ఇది, పువ్వుల దూరి పువ్వునే గీకి తింటది, పిందె నిలవదు. నీలం జిగురు అట్టలు కట్టినం, వేపనూనె కొట్టినం, పువ్వులను తెల్ల కాగితం మీద తట్టి ఎన్ని రాలుతున్నయో చూసినం. ఆకు పైకి దొప్ప లెక్క లేస్తే తామర పురుగు, అదే పై ముడత. కిందికి బోర్లిస్తే నల్లి, కింది ముడత. రెండిటికి మందు వేరు, చూడకుండ కొట్టొద్దు. కొన్ని చెట్లకు పురుగు అసలు పట్టలే, కాజీపేట అన్న ఇది తట్టుకునే రకం అన్నడు గని నేను ఒప్పుకోలే. ఒక్క సీజన్ తప్పించుకున్నది తట్టుకున్నట్టు కాదు, మూలకు గాలి తగలని కాడ ఉండి కూడ తప్పించుకోవచ్చు. దాని పిల్లలు కూడ తప్పించుకుంటే అప్పుడు చూద్దాం.

ఆ నెల చివర్ల మొంథా తుఫాను. వరంగల్, హన్మకొండ రోడ్ల మీద నీళ్లు నడుముల దాక వచ్చిన రోజులు. మిద్దె మీద డబ్బాలకు మునుగుడు లేదు గని ఆగని వానకు పూతంత రాలింది, కొన్ని చెట్లు వేరు కుళ్లి ఉన్నకాడనే వాడిపోయినయి, నీళ్లు ఉన్నా ఆకు వేలాడుతది చూడుండ్రి, అట్ల. హ-9 అండ్లనే పోయింది. అంత మంచి గుబురు చెట్టు, ఏడుపొచ్చింది నిజంగ. పోకముందు పండిన రెండు కాయల గింజ మాత్రం దక్కింది.

డిసెంబర్: నూనె, నాలిక

కాయలు పండుడు మొదలైనంక పిగిలిపిట్టలు వచ్చినయి. వాటికి మిరప కారమే తెల్వది, మనకు మంట తెలిపే రిసెప్టర్ మీద పక్షులల్ల మిరపకు కారమిచ్చే పదార్థం పనిచేయదు, అందుకే తేజ పండు కూడ పుచ్చకాయ తిన్నట్టు తింటయి. ట్యాగున్న కాయలన్నిటికీ జాలి సంచి తొడుగుడే దారి.

పరీక్షలు రెండు పెట్టుకున్నం. రంగుకు: ఎండిన కాయ గింజ తీసి పొడి కొట్టి, ఒక్క గ్రాము తూచి, గోరువెచ్చని పల్లినూనె రెండు చెంచాలల్ల కలిపి, తెల్ల పింగాణి పళ్లెంల పక్కపక్కన పోసి పొద్దటి వెలుతురుకు చూసుడు. పక్కన చపాటాది తప్పకుండ ఉండాలె, లేకపోతే కన్ను మోసం చేస్తది. మార్కెట్ లెక్కల రంగు ఎంతున్నదో చెప్పనీకి ఆస్టా అని నంబరు ఇస్తరు, ఆ మిషన్ మనకు లేదు, గని ఏది ఎక్కువ ఏది తక్కువ అని వరుస పెట్టడానికి నూనె చాలు.

కారానికి జర ఎక్కువ పని. 1912ల విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు పెట్టిన పద్ధతి మూలం ఇదే, తీపి నీళ్లల్ల పల్చగ చేసుకుంట పోయి ఎక్కడ మంట తెల్వకుండ పోతదో చూసుడు. మేం కూడ చక్కెర నీళ్లతోనే చేసినం, మజ్జిగతోని కాదు, పాల పదార్థం మంటను పట్టేసుకుంటది, లెక్క తప్పుతది. ఒక్క పూటకు ఒక్క చెట్టు కాయనే, ఎందుకంటే ఒకటి రుచి చూసినంక నాలిక మొద్దువారుతది, రెండోది ఏదైనా తక్కువనే అనిపిస్తది. రుచి చూసేది ఏ నంబరో చూసేటోళ్లకు చెప్పొద్దు. కారం గింజల ఉంటది అంటరు గని గింజల కాదు, గింజలు అతుక్కుని ఉండే తెల్ల ఈనెల తయారైతది, కాబట్టి కాయ మొత్తం రుబ్బాలె, కొన కొరికి చెప్పొద్దు. ఇంకో ముఖ్యమైన ముచ్చట, నీళ్లు తక్కువ పడ్డ చెట్టు కాయకు కారం ఎక్కుతది. అందుకే ఒకే వారంల పండిన కాయలనే ఒకదానితోని ఒకటి పోల్చినం.

ఫలితం చూసినంక మా ముగ్గురికి మాట పడిపోయింది. అందరు మెచ్చిన ప-7, చూపుకు చపాటా, రంగుకు చపాటా, నాలికకు కూడ చపాటానే, కారం దాదాపు లేదు. పరకాల అక్క దాన్ని వదలలేకపోయింది, ఎంత అందంగున్నదే అని. నేనన్న, "అక్కా, చపాటా కావాలంటే రైతు దగ్గర చపాటానే ఉన్నది, మనం మళ్ల దాన్నే చేసుడు ఎందుకు?" అదే వంకర టింకర హ-22, నూనెల పోస్తే చపాటాకు ఒక్క మెట్టే తక్కువ రంగు, కారం తేజల సగం కాడ ఆగింది, కండ మందంగున్నది, చెట్టు మోకాలెత్తు. కా-12 రంగుల అన్నిటికంటే మీద ఉన్నది, చపాటా కంటే కూడ చిక్కగ, గని కండ పల్చన, కారం తేజకు సమానం. చూపుతోని ఎంచితే ప-7 ఒక్కటే మిగులుతుండె, మిగిలిన రెండూ పచ్చిమిర్చిగనే పప్పుల పడుతుండె.

పప్పు అంటే గుర్తొచ్చింది, వద్దనుకున్న చెట్ల కాయలన్నీ వంటింట్లకే. ఏ రోజు పప్పుల ఏ నంబరు పడ్డదో గోడ క్యాలెండర్ మీద రాస్త, తిన్నోళ్లు ఏమన్నరో కూడ రాస్త, పిల్లలు కారం అన్న రోజు, అత్తమ్మ సప్పగున్నదన్న రోజు. మూడేండ్ల క్యాలెండర్లు పారేయకుండ దాచిన.

2026 జనవరి: తొక్కు

సంక్రాంతి దాటినంక, జాతర ముంగట, హ-22 పండు ఒక్కదానితోనే తొక్కు పెట్టమని అత్తమ్మను అడిగిన. "అత్తమ్మా, వేరే కాయ ఏం కలుపకుండ్రి, గిదొక్కటే" అంటే నా దిక్కు చూసి సరే అన్నది. కడిగి, తడి ఆరవెట్టి, తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు, పసుపు ఏసి రోట్లనే దంచింది, మెంతిపొడి, ఎల్లిగడ్డ తర్వాత. చిన్న సీసెడే అయింది. వేడన్నంల కలిపి ముద్ద పెట్టుకొని కొంచెంసేపు ఏమనలే, తర్వాత అన్నది, కారం సరిపోయింది, రంగు ఇంక జరంత ఉంటే బాగుండు, తోలు మాత్రం రోట్ల నలగనీకి సతాయించింది అని. ఈ మూడో మాట మా లిస్టుల అసలే లేదు. కండ మందం చూసినం గని తోలు గట్టితనం చూడలే ఎవ్వరం. వచ్చే తరంకెళ్లి అది కూడ రాస్తం, పండు కాయను రోట్ల ఏసి ఎన్ని పోట్లకు నలుగుతదో చూసి.

ఇప్పుడు చేతుల ఉన్నది, ముందటికి చేసేది

సెల్ఫ్ సంచులల్ల కట్టిన కాయల గింజ తీసి ఆరవెట్టుడు అయిపోయింది. హ-22 గింజ ముగ్గురికి ఎక్కువ, కా-12 కొంచెం, దక్కిన హ-9 రెండు కాయలది మొత్తం నా దగ్గర. ప-7 గింజ పరకాల అక్క సొంతానికి దాచుకుంటది, ప్రాజెక్టుల లేదు, ఆమె కవరు మీద "క్రాస్, చపాటా కాదు" అని పెద్ద అక్షరాలతోని రాయించిన.

ఎఫ్3ల సంగతి ఏందంటే ప్రతి తరం సెల్ఫ్ చేస్తే జతలల్ల తేడా సగానికి సగం తగ్గుకుంట పోతది, ఎఫ్2ల 50 శాతం ఉంటే ఎఫ్3ల 25, ఎఫ్4ల 12.5, ఎఫ్6కు వచ్చేసరికి 3 శాతం దరిదాపుల. అప్పటికి గింజ వేస్తే తల్లి లెక్కనే చెట్టు వస్తదని నమ్మొచ్చు. అంటే ఇంక మూడు నాలుగు సీజన్ల పని ఉన్నది, తొందరపడి ఇప్పుడే ఎవలకూ పంచం. అడుగుతున్నోళ్లు ఉన్నరు, ఫిక్స్ అయినంకనే ఇస్తం, పైసలకు కాదు.

జూన్ చివర్ల మళ్ల నారు. ఈసారి హ-22 పిల్లలను వరుసగ ఒక్కకాడ పెట్టి చూడాలె, ఒకే తల్లి పిల్లలు పక్కపక్కన ఉంటేనే ఏ గుణం నిలుస్తున్నదో ఏది ఊగుతున్నదో కనవడతది. రంగుల ఆ ఒక్క మెట్టు ఎక్కనీకి హ-22ను కా-12తోని క్రాస్ చేద్దామా అని కాజీపేట అన్న అంటున్నడు. నాకు కూడ ఆలోచన ఉన్నది గని ముందు హ-22 పిల్లల రంగు ఎట్లొస్తదో చూసినంకనే, వాటిల్లనే రంగు ఎక్కువున్నది దొరికితే ఇంకో క్రాస్ అవసరమే పడదు. చిన్నమ్మకు ఫోన్ చేసి అక్టోబర్ల రావాలె అని ఇప్పుడే చెప్పిపెట్టిన, ఆమె సీడ్ వరి పని ఎప్పుడు అయిపోతదో చూసుకొని తారీఖు చెప్తనన్నది.